భద్రాచలం సంతకాలు: హెచ్‌పీవీ టీకా చుట్టూ అనుమానం ఎక్కడ మొదలైంది

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకోవడానికి ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మాట బడుల దాకా వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత వార్త లేచి కూర్చుంటుంది. "ఖమ్మం జిల్లాలో ఈ సూది వేశాకే ఆడపిల్లలు చనిపోయారు" అని ఒకరు పెడతారు. "అదంతా పుకారు, టీకా సురక్షితం" అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. జరిగింది పుకారేం కాదు. అలాగని టీకా చంపిందనీ తేలలేదు. ఈ రెండు ముక్కల మధ్య జారిపోయిన సంగతి ఒకటుంది.

   దానికోసం నేరుగా 2009 జులైకి వెళ్దాం.

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాను ఎంచుకున్నారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా మూడు డోసులు. నడిపింది అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, తోడు భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో వేరే కంపెనీ టీకాతో ఇలాంటిదే ఇంకొకటి. దీన్ని వాళ్లు ట్రయల్ అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అన్నారు. టీకా అప్పటికే దేశంలో అనుమతి పొందినదే కాబట్టి ఇది మందు మీద ప్రయోగం కాదని, జనానికి ఎలా చేర్చాలో చూసే పని మాత్రమేనని పాత్ వాదన. ఈ పేరు దగ్గరే చాలా వ్యవహారం ఉంది. ట్రయల్ అంటే ప్రతి తల్లికో తండ్రికో కూర్చోబెట్టి వివరించాలి, ఏదైనా జరిగితే చూసుకోవడానికి బీమా ఉండాలి, సూది వేశాక పిల్ల ఎలా ఉందో వెంటబడి కనుక్కోవాలి. "కార్యక్రమం" అంటే ఇంత టెన్షన్ లేదు.

ఆ పిల్లల్లో చాలామంది గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. అమ్మానాన్నలు ఎక్కడో గూడేల్లో ఉంటారు. ఒక్కో గూడెం తిరిగి, కాగితం చదివి వినిపించి, సంతకం తెచ్చే ఓపిక ఎవరికుంది? అంగీకార పత్రాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం చేసేశారు. ఒకటీ రెండూ కాదు, 2,763 పత్రాలు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. పిల్లల చేతికిచ్చిన టీకా కార్డు ఇంగ్లిష్‌లో ఉంది. ప్రచార సామగ్రి మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉండటంతో చూసినవాళ్లకు అది మామూలుగా సర్కారు వేసే టీకాలాగే కనిపించింది. సర్కారు సూదిని కాదనే అలవాటు గూడెంలో ఉండదు.

నా లెక్కలో అసలు మలుపు ఆ 2,763 సంతకాలే. చావుల గొడవ తర్వాత వచ్చింది.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య సంఘాల వాళ్లు భద్రాచలం వెళ్లి హాస్టళ్లలో మాట్లాడాక విషయం బయటపడింది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. కేంద్రం వేసిన విచారణ సంఘం చూసిన కారణాలివి: ఒకరు క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుకు, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో. మిగతా ఇద్దరి విషయంలో అంత స్పష్టత లేదు, ఒకరిది జ్వరమని, ఒకరిది మెదడులో రక్తస్రావం కావచ్చని అన్నారు. టీకాతో సంబంధం లేదన్నారు. వాట్సాప్‌లో తిరిగే వార్తలో "ఏడుగురు" ఉంటుంది, ఈ జాబితా ఉండదు. అయితే పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఆత్మహత్యలను సరిగా పరిశీలించకుండానే పక్కన పెట్టేశారని తప్పుపట్టింది. డెమాన్‌స్ట్రేషన్ అన్న పేరునూ ఒప్పుకోలేదు. ఇది ముమ్మాటికీ క్లినికల్ ట్రయలేనని, టీకాను ప్రభుత్వ కార్యక్రమంలోకి ఎక్కించి కంపెనీలకు లాభం చేకూర్చే ప్రయత్నమని తేల్చింది. పాత్ దీన్ని ఖండించింది. ఆ నివేదికను కోర్టులో వాడుకోవచ్చా లేదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. వాడుకోవచ్చని 2018 మేలో తీర్పొచ్చింది.

ఇక్కడొక విచిత్రం జరిగింది. 2010 ఏప్రిల్ ఆదేశంతో ఖమ్మంతో సంబంధం లేని మరో అధ్యయనంలోనూ సూదులు ఆగిపోయాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దేశంలో తొమ్మిది చోట్ల, అందులో హైదరాబాద్‌లో కూడా, రెండు డోసులు చాలా మూడు కావాలా అని చూస్తోంది. 20,000 మందిని చేర్చుకోవాలనుకుంటే 17,729 దగ్గర ఆగింది. అనుకోకుండా 4,950 మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదలకుండా ఏళ్ల తరబడి గమనిస్తే, ఒక్క డోసే దాదాపు మూడు డోసులంత రక్షణ ఇస్తోందని తేలింది. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. ఒక్క డోసు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిందంటే, అందులో ఆ అమ్మాయిల వాటా పెద్దదే.

డాక్టర్ల పక్షం కూడా చెప్పాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చుంటే వాళ్ల విసుగు అర్థమవుతుంది. దేశంలో ఏటా సుమారు 1.2 లక్షల మంది ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, 77 వేల మందికి పైగా చనిపోతున్నారని 2020 అంచనా. ప్రపంచవ్యాప్తంగా ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్‌లను టీకా అడ్డుకుంటుంది. సీరం సంస్థ తయారుచేసిన సెర్వావ్యాక్ అనే హెచ్‌పీవీ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. భద్రాచలం పేరు చెప్పి పదిహేనేళ్లు పోగొట్టుకున్నామన్నది డాక్టర్ల బాధ. నిజమే. కానీ ఆ పదిహేనేళ్లను పోగొట్టింది గూడెంలోని తల్లి మాత్రం కాదు.

ఖమ్మం తర్వాత నిబంధనలు బిగిశాయి. 2013లో ట్రయళ్లకు పరిహారం నియమాలొచ్చాయి, ట్రయళ్లు న్యాయంగా జరుగుతున్నాయా అని చూసే ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. అవన్నీ ట్రయళ్లకు. ప్రభుత్వ టీకా కార్యక్రమం ట్రయల్ కాదు కాబట్టి దానికి వర్తించవు. 2009లో పాత్ చెప్పిన మాటా సరిగ్గా ఇదే అని గుర్తుంచుకోవాలి.

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఉండే తల్లి బడి నుంచి చీటీ వస్తే గూగుల్ చేస్తుంది, తెలిసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తుంది, గ్రూపులో పోట్లాడుతుంది, తర్వాత సంతకం పెడుతుంది లేదా మానేస్తుంది. గురుకులంలో చదివే అమ్మాయి తల్లి మిరప తోటలో కూలికి పోయి ఉంటుంది. ఆమెకు ఆ చీటీ ఎవరు చేరుస్తారు, చదివి ఎవరు చెబుతారు అన్న ప్రశ్న ఈ గొడవలో ఇంతవరకూ ఒక్కరూ అడగగా నేను చూడలేదు.