108 ఓటముల నేరం యుద్ధానిదేనా? 1945 నాటి ఫిలీస్ జట్టు గురించి అపోహలు - వాస్తవాలు

వారాంతాల్లో పిల్లల బేస్‌బాల్ ఆటలకు స్కోరు రాస్తాను. మిగిలిన సమయంలో పాత పత్రికల్లో అచ్చయిన స్కోరు పట్టికలను సరిచూసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. ఏళ్లుగా ఇదే పని. వేల పట్టికలు చూశాను కానీ, నన్ను వదలనిది మాత్రం ఒక ఓడిన జట్టు. 1945 నాటి ఫిలడెల్ఫియా ఫిలీస్. ఆ సీజన్లో 46 ఆటలు గెలిచి 108 ఓడింది. అమెరికాలోని రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లోని ఎనిమిది జట్లలో అన్నిటికన్నా అడుగున, మొదటి స్థానంలో ఉన్న షికాగో కబ్స్‌కు 52 ఆటల వెనుక నిలిచింది. ఆ జట్టు మాట వస్తే చాలు, "పాపం, యుద్ధకాలం కదా" అని తేల్చేస్తారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను.

అపోహ: ఆటగాళ్లను యుద్ధం తీసుకుపోయింది కాబట్టే ఫిలీస్ ఓడింది.

వాస్తవం: వరుసగా అయిదేళ్ల ఓటముల లెక్క చూడండి. 1938లో 105, 1939లో 106, 1940లో 103, 1941లో 111, 1942లో 109. వీటిలో మొదటి నాలుగు సీజన్లూ అమెరికా యుద్ధంలోకి దిగకముందే ముగిశాయి. అంటే యుద్ధం వచ్చేనాటికే ఆ జట్టు మంచాన పడి ఉంది.

కారణం డబ్బు. యజమాని జెరాల్డ్ న్యూజెంట్ దగ్గర పెట్టుబడి లేదు. మంచి ఆటగాడు తయారైతే అమ్మేసి, ఆ సొమ్ముతో జట్టును నెట్టుకొచ్చేవాడు. విత్తనాల గింజలు వండుకు తిన్న రైతు పరిస్థితి అది. పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు) బకీ వాల్టర్స్‌ను 1938లో సిన్సినాటికి ఇచ్చేశారు. మరుసటి ఏడే అతను లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అదే 1938లో బ్రూక్లిన్‌కు వెళ్లిన డాల్ఫ్ కమిల్లి 1941లో ఆ గౌరవం పొందాడు. 1940 చివర్లో లక్ష డాలర్లకు అమ్ముడైన పిచర్ కర్బీ హిగ్బీ, బ్రూక్లిన్ తరఫున 1941లో 22 ఆటలు గెలిపించాడు. చివరికి 1943 ఆరంభంలో లీగే జట్టును చేతిలోకి తీసుకుని విలియం కాక్స్ అనే వ్యాపారికి అమ్మింది. అతను తన జట్టు ఆటల మీదే పందేలు కాశాడు. ఆ నవంబరులోనే ఆట మొత్తానికి అధిపతి అయిన కమిషనర్ ల్యాండిస్ అతన్ని బేస్‌బాల్ నుంచి శాశ్వతంగా వెలివేశాడు. ఆ తర్వాత కార్పెంటర్ కుటుంబం వచ్చాకే జట్టుకు డబ్బు కరవు తీరింది. కానీ డబ్బు వచ్చినంత త్వరగా ఆటగాళ్లు తయారవరు.

పైగా యుద్ధం ఒక్క ఫిలీస్ ఆటగాళ్లనే పట్టుకుపోలేదు. 1945లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తమ మేటి ఆటగాడు స్టాన్ మ్యూజియల్‌ను నౌకాదళానికి పంపింది. అయినా 95 ఆటలు గెలిచి రెండో స్థానంలో నిలిచింది. ఎందుకంటే ఆ జట్టు ఎన్నో ఏళ్లుగా కింది స్థాయి లీగుల్లో కుర్రాళ్లను పెంచుకుంటూ వచ్చింది. ఒకరు వెళితే వరుసలో ఇంకొకరు ఉన్నారు. ఫిలీస్‌కు ఆ వరుసే లేదు.

అపోహ: ఆడటానికి మనుషులే దొరకలేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడే నాకు బాధ కలుగుతుంది. 1944 సెప్టెంబరులో ఫిలీస్ 16 ఏళ్ల రాల్ఫ్ కబల్లేరోను మూడో బేస్ దగ్గర నిలబెట్టింది. అదే నెలలో 17 ఏళ్ల గ్రానీ హామ్నర్‌ను దించింది. మనుషులు అంత కరవైతే, అదే ఊళ్లో ఫిలడెల్ఫియా స్టార్స్ అనే జట్టు ఆడుతూనే ఉంది కదా! అది నల్లజాతివారి నీగ్రో నేషనల్ లీగ్‌లోని జట్టు. ఫిలడెల్ఫియాలోనే పుట్టిన రాయ్ కాంపనెల్లా 1944, 1945లలో ఆ లీగ్‌లోని బాల్టిమోర్ జట్టుకు ఆడాడు. తర్వాత బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చేరి 1951, 1953, 1955లలో మూడుసార్లు నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాడు సొంత ఊరి జట్టు కంటికి ఆనలేదు.

మనుషులు దొరకకపోవడం వేరు, ఉన్నవాళ్లను గడప తొక్కనివ్వకపోవడం వేరు. నల్లజాతివారికి మూసేసిన ఆ గడప అప్పట్లో పెద్ద లీగుల్లోని అన్ని జట్లదీ. కానీ ఫిలీస్ దాన్ని మిగతావారి కన్నా గట్టిగా పట్టుకుంది. 1945 సీజన్ మధ్యలో మేనేజర్‌గా వచ్చిన బెన్ చాప్‌మన్, 1947 ఏప్రిల్‌లో బ్రూక్లిన్ మైదానంలో, ఆ జట్టులోని నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను జాతి పేరు పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఫిలీస్ తరఫున మొదటి నల్లజాతి ఆటగాడు బరిలోకి దిగింది 1957లో. నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఆఖరున.

ఆ పసివాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. హామ్నర్, కబల్లేరో, 1945 జట్టులోనే క్యాచర్‌గా ఉన్న ఆండీ సెమినిక్, ముగ్గురూ 1950లో లీగ్ టైటిల్ గెలిచిన ఫిలీస్ జట్టులో ఉన్నారు.

అపోహ: ముసలివాడైన జిమ్మీ ఫాక్స్‌తో బంతులు వేయించడం జనాన్ని నవ్వించడానికే.

వాస్తవం: ఫాక్స్ అప్పటికే మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడు. 1932లో ఫిలడెల్ఫియాలోని రెండో జట్టు అథ్లెటిక్స్‌కు ఆడుతూ 58 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టినవాడు. 1945లో 37 ఏళ్ల వయసులో అదే షైబ్ పార్కుకు ఫిలీస్ ఆటగాడిగా తిరిగొచ్చాడు. 7 హోమ్ రన్లతో కెరీర్ లెక్కను 534 దగ్గర ముగించాడు. పిచర్లు చాలక 9 ఆటల్లో బంతి కూడా వేశాడు. 22 ఇన్నింగ్స్‌కు పైగా వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి ఆటకు, ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి కాకుండా సగటున 1.59 పరుగులే ఇచ్చాడు. క్రికెట్ తెలిసినవారికి చెప్పాలంటే, రిటైరయ్యే బ్యాట్స్‌మన్‌కు బంతి ఇస్తే ప్రధాన బౌలర్లకన్నా పొదుపుగా వేసినట్టు. ఒక ఆట గెలిపించాడు, ఒక్కటీ ఓడలేదు. ఇందులో నవ్వడానికి ఏముంది?

ఆ జట్టులో ఒళ్లు దాచుకోనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆండీ కార్ల్ 67 ఆటల్లో బంతి వేశాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. విన్స్ డిమాజియో మూడు బేసుల్లోనూ సొంత జట్టువాళ్లు నిండి ఉండగా ఒకే సీజన్లో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు.

అపోహ: యుద్ధం వల్ల జనం మైదానాలకు రాలేదు.

వాస్తవం: 1945లో రెండు లీగుల ఆటలకూ కలిపి కోటి మందికి పైగా వచ్చారు. అప్పటికి అదే రికార్డు. ఫిలీస్ సొంత మైదానానికి వచ్చినవారు మాత్రం 2.85 లక్షలే.

అపోహ: ఆటగాళ్లకు సైన్యం నుంచి మినహాయింపు ఉండేది.

వాస్తవం: లేదు. 1942 జనవరి 15న ల్యాండిస్‌కు రాసిన ఉత్తరంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆట కొనసాగడమే మేలన్నాడు. కానీ తగిన వయసున్న ఆటగాళ్లు సైన్యంలో చేరాల్సిందేనని అదే ఉత్తరంలో స్పష్టంగా చెప్పాడు.

అపోహ: 'లూజింగ్ పిచర్' అని పేరు పడ్డ హ్యూ మల్కేహీ చేతకానివాడు.

వాస్తవం: మా పనిలో పట్టిక అడుగున చిన్న అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. గెలిచిన పిచర్ ఫలానా, లూజింగ్ పిచర్ ఫలానా. ప్రత్యర్థి చివరిదాకా పోగొట్టుకోని ఆధిక్యం ఏ పరుగుతో వచ్చిందో, ఆ పరుగు ఎవరి ఖాతాలో పడితే ఓటమి అతనిది. సొంత జట్టు ఒక్క పరుగూ చేయకపోతే, పిచర్ ఒకే పరుగు ఇచ్చినా ఓటమి అతని పేరనే రాయాలి. ఎన్నోసార్లు అలా రాసినదాన్ని కాబట్టి, అది రాసేటప్పుడు ఎంత అన్యాయంగా తోస్తుందో నాకు తెలుసు. 1938లో 20, 1940లో 22 ఓటములు మల్కేహీ పేరున పడ్డాయి. పత్రికల్లో ఆ వరుస అన్నిసార్లు కనిపించేసరికి 'లూజింగ్ పిచర్' అతని ముద్దుపేరైపోయింది. అదే 1940లో అతను లీగ్‌లోని మేటి ఆటగాళ్లతో కూర్చే ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. జట్టు గెలిచిన 50 ఆటల్లో 13 అతనివే.

1941 మార్చి 8న సైన్యంలోకి వెళ్లాడు. పెద్ద లీగుల నుంచి అలా పిలుపు అందుకున్న మొదటి ఆటగాడు అతనే. 28 ఏళ్లు దాటినవారిని ఇంటికి పంపాలన్న నిబంధన మీద అదే ఏడాది డిసెంబరు 5న విడుదలయ్యాడు. రెండు రోజులకే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, మళ్లీ యూనిఫాం తొడుక్కున్నాడు. 1945 ఆగస్టులో ఫిలీస్‌కు తిరిగొచ్చేసరికి జట్టు అట్టడుగునే ఉంది. 5 ఆటల్లో బంతి వేసి మూడు ఓడాడు, ఒకటి గెలిచాడు. 1940 తర్వాత అతని పేరు ఎదుట చేరిన మొదటి గెలుపు అది.