గడ్డకట్టిన సరస్సుపై చేపల వేట: పనిముట్ల గురించి అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలం వస్తే గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టడం ఒక జాతర. ఆ జాతరకు వెళ్లేవాళ్ల సామాను బాగుచేయడం నా పని. మంచుకు రంధ్రం వేసే ఆగర్లు, గాలపు దారం చుట్టే రీళ్లు, బ్యాటరీలు, నీటి అడుగున చేపను చూపించే సోనార్లు, అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో చాలావాటిని పాడుచేసింది చలి కాదు, తడి. తడి కాకపోతే యజమాని నమ్మకాలు. మినియాపోలిస్ నుంచి వారాంతాల్లో వచ్చే మన తెలుగువాళ్లు కూడా ఆ నమ్మకాలను శ్రద్ధగా నేర్చేసుకుంటున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఆగర్ బ్లేడుకు మంచు పేరుకుంటే నేలకేసి కొడితే చాలు.

వాస్తవం: మంచు రాలుతుంది, దానితోపాటు బ్లేడు అంచు కూడా దెబ్బతింటుంది. ఆగర్‌కు పదును ఎంత ముఖ్యమో, బ్లేడు మంచుకు ఆనే కోణమూ అంతే ముఖ్యం. ఆ కోణం కాస్త మారినా బ్లేడు పైపైన తిరుగుతుందే గాని లోపలికి దిగదు. ఇంట్లో సాన పట్టినా జరిగేది ఇదే. మంచును పలుచగా చెక్కే రకం బ్లేడ్లు మొద్దుబారితే జతగా మార్చేయడమే మేలు.

మరి పేరుకున్న మంచు సంగతి? తవ్విన రంధ్రంలోనే ఆగర్‌ను ముంచి కాసేపు ఆగండి. గాలి మైనస్ 25 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్నప్పుడు మంచు కింది నీరు సున్నా దగ్గర ఉంటుంది, లోతుకు వెళ్లేకొద్దీ 4 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే ఆ మైదానంలో మీకు అందుబాటులో ఉన్న వెచ్చని వస్తువు సరస్సే! మంచు వదులయ్యాక పైకి తీసి, గాలిలో ఒకసారి తిప్పి నీళ్లు విదిలించండి. ఇంటికి వెళ్లాక తుడిచి, పలుచగా నూనె రాసి, తొడుగు వేయండి. తడి బ్లేడుకు తొడుగు వేసి గ్యారేజీలో పడేసినవాళ్లే నాకు ఎక్కువ పని కల్పిస్తారు.

అపోహ: లిథియం బ్యాటరీకి చలి లెక్కలేదు.

వాస్తవం: వాడేటప్పుడు సామర్థ్యం కొంత తగ్గుతుంది, అంతవరకు ఫరవాలేదు. ప్రమాదమంతా చార్జింగ్‌లోనే ఉంది. సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో చార్జి చేస్తే లిథియం లోపలి ఎలక్ట్రోడు మీద లోహపు పూతలా పేరుకుంటుంది. పోయిన ఆ సామర్థ్యం మళ్లీ రాదు, లోపల షార్ట్ సర్క్యూట్ అయ్యే అవకాశమూ పెరుగుతుంది. మంచి బ్యాటరీల్లో ఉండే రక్షణ సర్క్యూట్ చలిలో చార్జింగ్‌ను ఒప్పుకోదు. చార్జరు చెడిపోయిందని కొందరు నా దగ్గరికి తెస్తారు. బ్యాటరీని వెచ్చటి దుకాణంలో రెండు మూడు గంటలు ఉంచితే రోగం దానంతటదే కుదురుతుంది! సరస్సు మీద బ్యాటరీని చల్లబడకుండా ఉంచడానికి ఐస్‌బాక్సు చక్కగా పనికివస్తుంది. నవ్వు వస్తుంది గాని, అది నిజం.

పాత సోనార్లలోని సీసపు బ్యాటరీల సంగతి వేరు. నిండుగా చార్జి ఉంటే ఇక్కడి చలికి గడ్డకట్టవు. ఖాళీ అయితే లోపలి ఆమ్లం దాదాపు నీళ్లే, సున్నాకు కొద్ది డిగ్రీలు దిగితే చాలు గడ్డకట్టి డబ్బా ఉబ్బుతుంది. అందుకే ఏ రోజు వాడితే ఆ రాత్రే చార్జి పెట్టాలి.

అపోహ: ఇంటికి రాగానే సామానంతా విప్పి వెచ్చగా పెట్టాలి.

వాస్తవం: ఏసీ కారులోంచి మే నెల విజయవాడలోకి దిగితే కళ్లద్దాలకు ఆవిరి పట్టినట్టే, చల్లటి సోనార్‌కు వెచ్చటి గదిలో చెమ్మ పడుతుంది. అది లోపలికి చేరి మర్నాడు మళ్లీ గడ్డకడుతుంది. సంచి జిప్పు తీయకుండానే లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చాక తెరిచి ఆరబెట్టండి. గాలపు కర్రలకూ ఇదే పద్ధతి.

అపోహ: రీలు బిగుసుకుంటే ఇంకాస్త గ్రీజు పెట్టాలి.

వాస్తవం: బిగించేదే ఆ గ్రీజు. చలికి అది మైనంలా చిక్కబడుతుంది. పాతదంతా తుడిచి, చలికి తట్టుకునే పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే సరి. తుప్పు వదిలించే స్ప్రే ఆ నూనెకు బదులు కాదు, ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. పోగులు అల్లి చేసిన గాలపు దారం నీళ్లను పైకి మోసుకొచ్చి కర్ర మీది రింగుల్లో గడ్డకట్టిస్తుంది. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారంతో ఆ బాధ చాలా తక్కువ.

అపోహ: హీటరుకు ఆక్సిజన్ సెన్సర్ ఉంది, సరస్సు మీద వేసుకున్న గుడారం మూసుకోవచ్చు.

వాస్తవం: ఈ ఒక్కదాని దగ్గర నేను మర్యాదగా మాట్లాడలేను. ఆ సెన్సర్ ఆక్సిజన్ తగ్గితే మంట ఆపుతుంది, అంతే. కార్బన్ మోనాక్సైడ్‌ను అది కొలవదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గుడారానికి కిందా పైనా గాలి దారులు తెరిచి ఉంచండి, విడిగా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి, దాని బ్యాటరీ కూడా చలికి నీరసిస్తుందని గుర్తుంచుకోండి.

మంట సన్నగిల్లితే హీటరును తిట్టకండి. అందులో మండే ప్రొపేన్ వాయువు మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కాబట్టి బాగా చలిలో సిలిండరులో పీడనం తగ్గుతుంది, చిన్న డబ్బాలైతే మరీను. పెద్ద సిలిండరు వాడండి. మంటతో వేడి చేయడం మాత్రం వద్దే వద్దు. వంటకు వాడే బ్యూటేన్ డబ్బాలు తేకండి. సున్నా దగ్గరే అవి చేతులెత్తేస్తాయి.

ఇక గుడారాలు. గుడ్డ గట్టిపడి ఉండగా బలవంతంగా మడిస్తే మడతల దగ్గర చీలుతుంది. తడిగా మడిస్తే బూజు పడుతుంది. ఎలా మడిచినా ఇంటికి వచ్చి పరిచి ఆరబెట్టక తప్పదు. సీజనంతా సరస్సు మీదే ఉంచే చెక్క గదులైతే మొదటిరోజే దుంగల మీదికి ఎత్తాలి. లేకపోతే లోపలి వేడికి కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి గదిని అంటించేస్తుంది. మార్చిలో రాష్ట్రం పెట్టిన గడువులోగా వాటిని తీసేయాలి. అప్పటికి అతుక్కుపోయి ఉంటే ఇనుప గునపంతో నాలుగు వైపులా పొడవాల్సి వస్తుంది, నేను అద్దెకిచ్చే గునపాలు ఆ వారంలో ఒక్కటి కూడా మిగలవు.