‘నరాల బలహీనత’ అన్న మాట వెనుక అడ్రినల్ గడ్డ

కర్నూలు పాతబస్తీలో ఉండే మా పెద్దమ్మ జబ్బుకు నాలుగేళ్ల పాటు ‘నరాల బలహీనత’ అన్న ఒక్క పేరే నడిచింది. వంగి బిందె ఎత్తినప్పుడల్లా గుండె దడదడ కొట్టుకునేది, తల పగిలిపోతున్నట్టుండేది, రవిక తడిసేటంత చెమట పట్టి ముఖం పాలిపోయేది, ఇక ప్రాణం పోతుందన్న భయంతో ఆమె గడప పట్టుకుని కూర్చుండిపోయేది. పావుగంటలో అంతా సర్దుకునేది. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి బీపీ మామూలుగానే కనిపించేది కాబట్టి భయం తగ్గడానికి మాత్రలు రాసి పంపేవారు. ఇంట్లోవాళ్లు అంత్రం కట్టించారు, కసాపురం ఆంజనేయస్వామి సన్నిధిలో నిద్ర చేయించారు. చివరకు పక్కింటికి వచ్చిన ఒక నర్సమ్మ దడ వచ్చిన ఆ నిమిషంలోనే బీపీ చూస్తే పై అంకె 220 ఉంది. కడుపు స్కానులో కుడి మూత్రపిండం పైన, అడ్రినల్ గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ బయటపడింది.

ఇటువంటి రోగిని గురించి జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఫెలిక్స్ ఫ్రెంకెల్ 1886లోనే రాశారు. దడ, ఆందోళన, తలనొప్పి, చల్లని చెమటలు విడతలు విడతలుగా వచ్చి చనిపోయిన 18 ఏళ్ల అమ్మాయికి రెండు అడ్రినల్ గ్రంథుల్లోనూ గడ్డలున్నట్టు శవపరీక్షలో తేలింది. ఈ గ్రంథి వదిలే, గుండెను దడదడలాడించే హార్మోను అడ్రినలిన్‌ను జోకిచి తకమినె వేరుచేసింది 1901లో గనుక, గడ్డకూ ఆ భయానికీ ఉన్న లంకె ఏమిటో చెప్పే ఆధారం అప్పటికి లేదు. 1912లో లుడ్విగ్ పిక్ ఈ గడ్డకు ఫియోక్రోమోసైటోమా అని పేరు పెట్టారు. 1926లో లోజాన్‌లో సెజార్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో దాన్ని కోసి తీసి రోగులను బతికించగలిగారు. ఫ్రైబర్గ్ అమ్మాయి వంశస్థులను పరీక్షించి, ఆ జబ్బు కుటుంబంలో ఒక జన్యులోపం ద్వారా వస్తోందని 2007లో నిర్ధారించారు. ఇంట్లో ఒకరికి ఈ గడ్డ ఉంటే మిగిలినవారినీ అడిగి చూడటం అందుకే అవసరం.

అడ్రినల్ గడ్డ మనసును కలతపెట్టే రెండో దారి, అదే గ్రంథి వదిలే కార్టిసాల్‌ది. ఈ హార్మోను మితిమీరినప్పుడు వచ్చే జబ్బును హార్వీ కుషింగ్ 1912లో వర్ణించి, 1932లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గడ్డతో ముడిపెట్టారు. కొందరిలో మూలం నేరుగా అడ్రినల్ గడ్డే. ముఖం చంద్రబింబంలా ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు, కాళ్లూ చేతులూ సన్నబడటం కంటికి కనిపించే గుర్తులు. కానీ కుంగుబాటు, చిరాకు, నిద్రలేమి, మతిమరుపు కొందరిలో వీటికంటే ముందే మొదలవుతాయి, సగానికి పైగా రోగులు కుంగుబాటుకు లోనవుతారు. మన పల్లెల్లో ఉబ్బిన ముఖాన్ని చూసి ‘ఒళ్లు చేసింది’ అని సంతోషించేవారే ఎక్కువ. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలూ సూదులూ ఇదే రూపాన్ని తెస్తాయి కాబట్టి, గడ్డ కోసం వెతికే ముందు ఆ మాత్రల సంగతి అడగాలి.

కార్టిసాల్ జాతికి చెందిన మందు మెదడును కదిలిస్తుందని తెలిసింది కూడా ఇలాంటి నొప్పుల మందు వల్లనే. 1948లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతానికి కార్టిసోన్ ఇచ్చిన తర్వాత, ఆ మందు వాడినవారిలో కొందరు నిద్ర మాని మితిమీరిన హుషారుకు లోనయ్యారు, కొందరికి మతి చలించింది. 1968లో బ్రూస్ మెక్‌యూవెన్, ఎలుకల మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ ఇటువంటి హార్మోన్లను పట్టి ఉంచుతుందని చూపించారు. మిషిగన్‌లో మోనికా స్టార్క్‌మన్ బృందం కుషింగ్ రోగుల్లో కార్టిసాల్ ఎక్కువైన కొద్దీ ఆ భాగం చిన్నదిగా ఉందని 1992లో, చికిత్స తర్వాత అది మళ్లీ కొంత పెరిగిందని 1999లో ప్రకటించింది. ‘కొంత’ అన్న మాట ముఖ్యం, ఎందుకంటే కార్టిసాల్ మామూలు స్థాయికి వచ్చినా జ్ఞాపకశక్తి, ఏకాగ్రత అందరిలో పూర్తిగా తిరిగిరావు. ఆలస్యం చేయకూడదనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు.

అడ్రినల్ గ్రంథిదే అయిన మరో హార్మోను, ఒంట్లో ఉప్పును నిలిపి ఉంచే ఆల్డోస్టిరాన్‌ను ఎక్కువగా వదిలే గడ్డను జెరోమ్ కాన్ 1955లో వివరించారు. అందులో బీపీ పెరిగి, పొటాషియం పడిపోయి కండరాలు నీరసిస్తాయి. మన దగ్గర దానికీ నరాల బలహీనత అన్న పేరే వస్తుంది.

సీమలో ఒక చిక్కు ఉంది. 1957లోనే కర్నూలులో వైద్య కళాశాల వచ్చినా, మనసు బాగాలేదంటే బెంగళూరు నిమ్హాన్స్‌కు, ఒంట్లో అంతుపట్టని జబ్బంటే రాయవేలూరుకు పోవడం అనంతపురం, కడప, కర్నూలు కుటుంబాలకు అలవాటు. ఏ బస్సు ఎక్కాలో ఇంట్లోవాళ్లే నిర్ణయించుకోవలసి రావడం వల్ల, రెండింటి నడుమ ఉన్న ఈ జబ్బు ఎవరి కంటా పడకుండా ఏళ్లు గడిచిపోతాయి. దడ ఉన్నవారందరికీ గడ్డ ఉండదు, ఇది చాలా అరుదు. అయితే దడ, తలనొప్పి, చెమట మూడూ కలిసి విడతలుగా వస్తే, ఆ సమయంలోనే బీపీ చూసి, రక్తంలో గానీ 24 గంటల మూత్రంలో గానీ మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ వంటి హార్మోన్లు విరిగి ఏర్పడే పదార్థాల) పరీక్ష చేయించాలి. దడకు మామూలుగా ఇచ్చే ప్రొప్రనొలాల్ ఈ గడ్డ ఉన్నవారిలో బీపీని ప్రమాదకరంగా పెంచగలదు. ఆల్ఫా బ్లాకర్ రకం మందుతో రక్తనాళాలను ముందుగా సడలించిన తర్వాతే అటువంటివి ఇవ్వాలి.

పెద్దమ్మకు రెండు వారాలు ఆ మందు వాడి గడ్డ తీశారు. దడ ఆనాటితో ఆగిపోయింది. వంగాలంటే భయం మాత్రం ఏడాది దాకా వదల్లేదు, దానికి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. ఈసారి ఆయన ఆమె పాత చీటీలన్నీ వరుసగా చదివి, బీపీ చూసి, ఆ తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టారు.