ఊపిరితిత్తుల సంగతి నెత్తురు ఎంతవరకు చెప్పింది?

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లావే. అప్పుడు అందరి ఆరా ఒకటే: పాజిటివా, నెగెటివా? ఏడాది తిరిగి రెండో వేవ్ వచ్చేసరికి ఫోన్లలో ప్రశ్న మారింది. "సీఆర్‌పీ ఎంతొచ్చింది? డీ-డైమర్ చేయించినారా? సీటీలో 25కి ఎంత?" మొదటి రెండూ రక్తపరీక్షలు, మూడోది ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో స్కాన్ చూసి వేసే స్కోరు. పదో తరగతి పరీక్షల మార్కులు అడిగినట్టే.

వీటిలో పాత కాపు సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్), ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే నెత్తురులో పెరిగే ప్రోటీన్. విచిత్రమేమంటే అది బయటపడింది న్యుమోనియా రోగుల్లోనే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దాన్ని గమనించారు. న్యుమోకోకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన 'సి' పదార్థాన్ని రోగి సీరంలో కలిపితే తెల్లగా అడుగుకు దిగేది. జబ్బు నయమయ్యాక కలిపితే ఏమీ లేదు. అయితే ఆ ప్రోటీన్‌ను చేసేది కాలేయం. కాలి పుండు చీము పట్టినా అది పెరుగుతుంది. డీ-డైమర్ రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే తునక. అప్పుడు చేయించిన మరో పరీక్ష ఎల్‌డీహెచ్, కణాల్లో ఉండే ఎంజైమ్, ఒంట్లో ఏ కణం చితికినా బయటికొస్తుంది. జబ్బు ఎంత ముదిరిందో ఇవి కొంత చెబుతాయి. దెబ్బ తగిలింది ఊపిరితిత్తులకేనని మాత్రం చెప్పలేవు.

ఆ మాట కొంత మెరుగ్గా చెప్పగలిగినది కేఎల్-6 అనే మరో ప్రోటీన్. 1980ల్లో జపాన్ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ గుర్తు కోసం వెతుకుతుంటే దొరికింది. గాలి గదుల గోడల్లోని టైప్-2 కణాల మీద ఉంటుంది. ఆ గోడ దెబ్బతిని, కణాలు మళ్లీ పెరిగేటప్పుడు రక్తంలోకి చేరుతుంది. కరోనా వైరస్ పట్టుకునేదీ ఆ కణాలనే. 2020లో చైనా, ఇటలీ వైద్యులు పరీక్షిస్తే, తీవ్రంగా జబ్బుపడ్డవారిలో కేఎల్-6 ఎక్కువగా కనిపించింది. జపాన్‌లో అది మామూలు పరీక్ష. మన చీటీల్లో దాదాపు కనబడని పేరు. సీఆర్‌పీ చవక, చేసే మిషన్లు చిన్న ల్యాబుల్లోనూ ఉన్నాయి, గెలిచింది అదే.

సీఆర్‌పీ దండగని కాదు. కరోనా మందులను పరీక్షించిన బ్రిటన్ రికవరీ ట్రయల్ 2021లో ఫలితం చెప్పినప్పుడు, ఒంట్లో వాపును అణిచే టోసిలిజుమాబ్ మందు ఎవరికివ్వాలో తేల్చడానికి ఆక్సిజన్ తగ్గడంతో పాటు సీఆర్‌పీ లీటరుకు కనీసం 75 మిల్లీగ్రాములు ఉండాలన్నారు. రెండూ కలిపి చూశారు, అంకెను ఒంటరిగా కాదు. అదే ట్రయల్ 2020 జూన్‌లోనే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ మీదున్నవారిని కాపాడుతుందని, ఆ అవసరం లేనివారికి మేలు చేయదని తేల్చింది. 2021 మేలో ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా కూడా లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు సీటీలకు, ఈ రక్తపరీక్షలకు పరుగెత్తవద్దన్నారు. అప్పటికే కొన్ని ఇళ్లలో సీఆర్‌పీ కాస్త పెరిగిందని స్టెరాయిడ్ మాత్రలు మొదలైపోయాయి.