ఇంజిన్ వారంటీ క్లెయిమ్ రిజెక్ట్ చేశారా? అపోహలు - వాస్తవాలు

అపోహ: "ఇంజిన్ విప్పితేగానీ ఏం చెప్పలేం సార్" అంటే విప్పడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టేయడమే.

వాస్తవం: విప్పకుండా కారణం తేలదన్నది నిజమే. కానీ ఒకసారి విప్పాక పాత స్థితి మళ్లీ కనిపించదు, అందుకే గొడవ సగం ఇక్కడే తేలిపోతుంది. సంతకానికి ముందే జాబ్ కార్డు మీద కిలోమీటర్ రీడింగ్, డిప్‌స్టిక్‌లో ఆయిల్ లెవెల్, క్లెయిమ్ రాకపోతే విప్పిన లేబర్ ఎవరు కట్టాలన్నది రాయించండి. స్కానర్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్లకు ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ప్రింట్ అడగండి. కోడ్ పడినప్పుడు కూలెంట్ వేడి, ఆర్‌పీఎం ఎంతున్నాయో అందులో ఉంటుంది. వేడెక్కినా నడిపారన్న ఆరోపణకు జవాబు అక్కడే దొరకొచ్చు. కోడ్లు క్లియర్ చేస్తే అదీ పోతుంది. ఆయిల్ దించేటప్పుడు దగ్గరుండి, రెండు శుభ్రమైన సీసాల్లో చెరో 100 మి.లీ. పట్టించి, సీలు వేసి ఇరువైపులా సంతకాలు చేయండి. ఒక సీసా మీ దగ్గర ఉండాలి.

"ఆయిల్ లేక బేరింగులు పోయాయి, మీ నిర్లక్ష్యమే" అనేది తరచూ వినే మాట. ఆయిల్ తగ్గినా, ఆయిల్ నిండుగా ఉండి పంపు తోయకపోయినా బేరింగులు అలాగే గీసుకుపోతాయి. కాబట్టి బేరింగు ఫొటో ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించగానే స్ట్రెయినర్ జాలీ, ఆయిల్ పంపు, ఫిల్టర్ ఫొటోలు తీయండి. పాత సర్వీస్ బిల్లుల్లో ఎన్ని లీటర్ల ఆయిల్ వేశారో ఓనర్స్ మాన్యువల్‌తో సరిచూడండి. షోరూమ్ బిల్లులోనే అర లీటరు తక్కువ ఉంటే వాదన తిరగబడుతుంది.

అపోహ: బయట సర్వీస్ చేయిస్తే వారంటీ మొత్తం పోయినట్టే.

వాస్తవం: 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్‌లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో ఇలాంటి గంపగుత్త షరతును తప్పుబట్టింది. బయటి పనిలో లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి అదే బ్రహ్మాస్త్రం అనుకోవద్దు. అయినా ప్రశ్న గట్టిదే: బయట మార్చిన దానికీ, ఇప్పుడు పాడైన పార్టుకీ సంబంధమేంటి? సరైన గ్రేడు ఆయిల్ కొన్న బిల్లు చూపించగలగాలి. సర్వీస్ గడువులు దాటేసి, బిల్లులూ లేకపోతే మాత్రం కేసు బలహీనమే.

అపోహ: వరద నీళ్లలో ఆగిన ఇంజిన్‌కు వారంటీ వస్తుంది.

వాస్తవం: రాదు. అది ఇన్సూరెన్స్ సంగతి, అదీ ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటేనే. మళ్లీ స్టార్ట్ కొట్టకండి, సిలిండర్‌లోని నీటిని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందు విప్పనివ్వొద్దు.

అపోహ: "కంపెనీ రిజెక్ట్ చేసింది" అని షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ ఫోన్‌లో చెప్తే కథ ముగిసినట్టే.

వాస్తవం: ఏ పార్టు, ఏ కారణం, వారంటీ బుక్‌లెట్‌లో ఏ క్లాజు అన్నది ఈమెయిల్‌లో రప్పించండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందో చూడండి. కార్ల కంపెనీదే అనుకున్నది వేరే సంస్థది కావచ్చు. కేసుకు ముందు పంపే నోటీసు డీలర్‌కు, తయారీదారుకు, వారంటీ ఇచ్చిన సంస్థకు ముగ్గురికీ వెళ్లాలి. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్లు తప్పంతా ఆ లేనివాళ్ల మీదకే నెడతారు.

అపోహ: బిల్లు కట్టి బండి తెచ్చుకుంటే ఇక అడగలేం.

వాస్తవం: అడగొచ్చు. అభ్యంతరంతోనే కడుతున్నానని ముందే ఈమెయిల్ పెట్టి, తర్వాత కట్టండి. ఫుల్ సెటిల్‌మెంట్ కాగితంపై, సంతృప్తి పత్రంపై సంతకం వద్దు. పాత పార్టులు తప్పకుండా తెచ్చుకోండి. తయారీ లోపం అని మీరంటే వినియోగదారుల కమిషన్ వాటిని ల్యాబ్ పరీక్షకు పంపవచ్చు. పార్టులు తుక్కుకు పోతే పరీక్షించడానికి ఏముంటుంది?

అపోహ: 1915కి ఫోన్ చేస్తే కేసు వేసినట్టే.

వాస్తవం: అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, రాజీకి ప్రయత్నిస్తుంది. కేసు వేయాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే అక్కడే, మీరు ఉంటున్న జిల్లాలోనే. 8 లక్షల కారుకు ఫీజు 200 రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి గడువు రెండేళ్లు. షోరూమ్‌తో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.