గుండిగలో ఎసరు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. భోగికి ఊళ్ళ నుంచి చేరుకున్న మా బంధువులు ఆ మాటకు కట్టుబడి కనుమ మధ్యాహ్నం భోజనం చేసేదాకా బయలుదేరరు కనుక, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఆ పూట విస్తళ్ళు నలభైకి తగ్గవు. రోజూ నలుగురికి వండే వంటగదిలో ఒక్కసారిగా నలభై మందికి వండవలసి వస్తే ఎవరికైనా ముందు తోచేది అన్నిటినీ పదితో హెచ్చవేయడమే. పప్పు, ఉప్పు, కారం, చింతపండు చాలావరకు ఆ లెక్కకు లొంగుతాయి. ఎసరు, సెగ, సమయం మాత్రం లొంగవు. పాత్ర పెద్దదయ్యేకొద్దీ అందులోకి వేడి వెళ్ళే తీరూ, అందులో నుంచి వేడి బయటపడే తీరూ మారిపోతాయి. ఈ సంగతి తెలిస్తే పండుగ వంటలో ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో, దేన్ని ఎన్ని గిన్నెలుగా విడదీయాలో చాలా ముందుగానే తేల్చుకోవచ్చు.

ముందు బియ్యం సంగతి. గారెలు, పులిహోర, కోడి పులుసు, పెరుగు అన్నీ ఉన్న విస్తట్లో మనిషికి 125 గ్రాముల బియ్యం చాలునని మా ఇంటి అంచనా, అంటే నలభై మందికి 5 కిలోలు. తిండిలో మనిషికీ మనిషికీ సుమారు 30 శాతం హెచ్చుతగ్గులు ఉంటాయనుకుందాం. గణాంకశాస్త్రం ప్రకారం ఎవరి ఆకలి వారిదిగా ఉన్నంతకాలం మొత్తం మీద వచ్చే తేడా మనుషుల సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. నలుగురికి వండితే ఆ తేడా 15 శాతం, నలభై మందికి వండితే 5 శాతం లోపు. ఒకరు వదిలేసినది మరొకరు తినేస్తారు కనుక పెద్ద పంక్తికి అంచనా వేయడమే నిజానికి తేలిక, పావు వంతు అదనంగా వండవలసిన అవసరం లేదు. అయితే ఈ సూత్రం పనిచేయని చోట్లు రెండున్నాయి. చుట్టాలు ఒక్కొక్కరుగా రారు, కారు నిండా కుటుంబంగా వస్తారు, రాకపోయినా కుటుంబమే రాదు. పైగా వడ్డన ఒంటిగంటన్నరకు జరిగితే అందరి ఆకలీ ఒకేసారి పెరుగుతుంది. కాబట్టి నేను అదనపు బియ్యాన్ని కడిగి సిద్ధంగా ఉంచుతానే తప్ప ముందే వండను.

ఏ బియ్యమన్నది కూడా తేల్చుకోవాలి. మన ప్రాంతంలో ఎక్కువగా తినే సాంబమసూరి, అంటే 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన బీపీటీ 5204, సంక్రాంతి నాటికి కొత్త పంటగా ఇంటికి వస్తుంది. కొత్త బియ్యపు పిండిపదార్థం త్వరగా ఉబ్బి, కరిగి నీళ్ళలోకి దిగుతుంది కనుక అన్నం ముద్ద అవుతుంది. నిల్వ ఉన్న కొద్దీ గింజలోని మాంసకృత్తులూ కొవ్వులూ మార్పు చెంది, ఆ పిండి కణాలు అంతగా పగలకుండా ఆపుతాయి. అందుకే పొంగలికీ అరిసెలకూ కొత్త బియ్యం, పంక్తి అన్నానికీ పులిహోరకూ పాత బియ్యం.

ఇక ఎసరు. నలుగురికి అత్తెసరు పెట్టేటప్పుడు గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తాం. ఆ రెండు గ్లాసులలో కొంత గింజ పీల్చుకుంటుంది, కొంత ఆవిరైపోతుంది. గింజ పీల్చుకునే నీరు బియ్యంతో పాటు పెరుగుతుంది. ఆవిరయ్యే నీరు మాత్రం సెగనూ, అది మరిగిన సమయాన్నీ, పాత్ర మూతినీ బట్టి ఉంటుంది తప్ప బియ్యాన్ని బట్టి ఉండదు. కనుక నలుగురి కొలతను పదింతలు చేసి పోసిన ఎసరులో ఆవిరి కావలసిన నీరు చాలా భాగం అడుగునే మిగిలిపోతుంది, కింది అన్నం జావ అవుతుంది, పైది పలుకుగా ఉంటుంది. పెద్ద వంటల్లో మన పెద్దవారు గంజి వార్చడానికి మొగ్గు చూపడంలో నాకు కనిపించే విజ్ఞానం ఇదే. ఎసరు దండిగా పోసి, గింజకు కావలసినంత పీల్చుకోనిచ్చి, మిగిలినది వంచేస్తే కొలత సమస్యే ఉండదు.

వార్చడానికి రెండున్నర కిలోల బియ్యానికి 10 లీటర్ల ఎసరు పెట్టామనుకుందాం. పాతిక డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 3,135 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఇంటి గ్యాసు పొయ్యిలో పెద్ద బర్నరు రెండున్నర కిలోవాట్ల సెగ ఇస్తుందనుకుంటే, అందులో మూడింట రెండు వంతులు గిన్నెకు చేరి, మిగిలినది వంటగది గాలిని వేడెక్కిస్తుంది. ఆ లెక్కన ఎసరు మరగడానికే అరగంట దాటుతుంది. దానికి ఖర్చయ్యే గ్యాసు మాత్రం 100 గ్రాములే. కిలో గ్యాసులో దాదాపు 46,000 కిలోజౌళ్ళు ఉంటాయి, సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. పండుగ నాడు గ్యాసు అయిపోతుందేమోనని భయపడతాం కానీ, చాలనిది ఇంధనం కాదు, అది అందే వేగం. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి తవ్వడం, అద్దె సామాన్ల కొట్టు నుంచి పెద్ద బర్నరు తెచ్చుకోవడం ఆ వేగం కోసమే. ఇంటి పొయ్యి మీదే వండదలచుకుంటే ఒక పెద్ద గుండిగ కన్నా రెండు చిన్న గుండిగలను రెండు బర్నర్ల మీద పెట్టడం నయం.

పప్పు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కుక్కరు లోపల ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందువల్లనే కందిపప్పు త్వరగా ఉడుకుతుంది. అయితే పప్పు పొంగి రంధ్రాలకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున కుక్కరును సగానికి మించి నింపకూడదు, రెండు విడతలుగా పెట్టుకోవాలి. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని మా అత్తగారు అనే మాట పూర్తిగా నిజం. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను జిగురులా పట్టి ఉంచే పెక్టిన్‌తో ముడిపడి దాన్ని గట్టిపరుస్తాయి. చింతపండు పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు కనుక పప్పు మెదిగాకే పులుసు పోయాలి.

కనుమ నాడు మినుము తినాలి కనుక గారెలు తప్పవు. మనిషికి మూడు చొప్పున 120 గారెలు, బాణలికి ఎనిమిదేసి వేస్తే 15 వాయిలు, వాయికి ఆరేడు నిమిషాలు. అంటే ఒక్క బాణలితో గంటన్నర పైగా పడుతుంది. తొందరపడి వాయికి పది వేస్తే ఏమవుతుందో చూద్దాం. అరచేతిలో తట్టిన గారె 50 గ్రాములు ఉంటే పది గారెలు అర కిలో చల్లని పిండి. రెండు లీటర్ల నూనెలో వాటిని ఒకేసారి వేస్తే, పొయ్యి నుంచి వచ్చే సెగను పక్కనబెట్టి చూసినప్పుడు, ఆ పిండిని 100 డిగ్రీలకు తేవడానికే నూనె వేడి 30 డిగ్రీలకు పైగా పడిపోవాలి. ఆ తరువాత పిండిలోని నీరు ఆవిరి కావాలి, అందుకు గ్రాముకు 2.26 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. గారె చుట్టూ చిటపటలాడే బుడగలన్నీ ఆ ఆవిరే; అది జోరుగా బయటకు వస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడలేదు. నూనె చల్లబడితే ఆ జోరు తగ్గుతుంది, పైపొర కట్టడానికి ఆలస్యమవుతుంది. గారె పీల్చుకునే నూనెలో చాలా భాగం బాణలిలో నుంచి తీశాక లోపలికి వెళుతుంది. లోపలి ఆవిరి చల్లారి నీరై, ఖాళీ ఏర్పడి, పైన అంటుకున్న నూనెను లాక్కుంటుంది. జల్లి గరిటెతో తీసిన గారెను వెంటనే కుప్పలో వేయకుండా బాణలి అంచున ఒక్క క్షణం ఆనించి నూనె కారనివ్వడంలో ఇంత అర్థం ఉంది.

గారె మధ్యలోని చిల్లు నాకు ఎప్పుడూ అపురూపంగానే కనిపిస్తుంది. ఘనపదార్థం లోపలికి వేడి చేరే సమయం దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు. చిల్లు లేని గారెలో నడిమధ్య భాగం అన్ని వైపుల నుంచీ దూరంగా ఉండి పచ్చిగా మిగిలిపోతుంది. బొటనవేలితో పొడిచిన ఆ చిన్న చిల్లు ఆ దూరాన్ని సగానికి తెస్తుంది.

ఈ వర్గ నియమమే పెద్ద వంటలో అసలు అపాయానికి కూడా మూలం. 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో చెప్పినట్లు, ఒక వస్తువు కొలతలన్నీ రెట్టింపైతే దాని ఉపరితలం నాలుగింతలే అవుతుంది, ఘనపరిమాణం మాత్రం ఎనిమిదింతలు అవుతుంది. వేడి బయటపడేది ఉపరితలం నుంచి, దాగి ఉండేది ఘనపరిమాణంలో. కనుక పెద్ద పాత్ర చల్లారడం ఆలస్యం. పెరుగుకు ఇది మేలే చేస్తుంది. జనవరి చలిలో చిన్న గిన్నెలో తోడుకోని పాలు, నాలుగు లీటర్ల గిన్నెలో తమ వేడితో తామే తెల్లవారేసరికి గడ్డగా తోడుకుంటాయి. అన్నానికీ కోడి పులుసుకూ అదే వేడి ముప్పు తెస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కనుమ నాడు మిగిలిన అన్నాన్ని గుండిగలోనే మూతపెట్టి ఉంచాను. రాత్రి తొమ్మిది గంటలకు అన్నపు గరిటె గుచ్చి లోపలి అన్నం తీసి చూస్తే అది ఇంకా గోరువెచ్చగా ఉంది. వార్చి ఎనిమిది గంటలు దాటింది. వాసన ఏ మాత్రం మారలేదు, అయినా నేను దాన్ని ఎవరికీ పెట్టలేదు. బియ్యం మీద సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మరిగే నీటిలోనూ చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి పెరుగుతాయి, సెరులైడ్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. అటువంటి అన్నాన్ని ఎంత వేడిచేసినా ప్రయోజనం లేదు, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. కోడి పులుసు వంటి చిక్కని మాంసపు కూరల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరొకటి ఉంటుంది. అది 45 డిగ్రీల ప్రాంతంలో అనుకూలమైన పరిస్థితుల్లో పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన మూడు గంటల్లో ఒక్కటి రెండున్నర లక్షలు దాటుతుంది. కూరను తిరిగి కుతకుతలాడేలా మరిగిస్తే అది చస్తుంది, అన్నంలోని విషానికి ఆ అవకాశమే లేదు.

అందుకే మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వేడిగా వడ్డించేది 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలంటుంది. అమెరికా ఆహార నియమావళి మరికొంచెం వివరంగా 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దించాలంటుంది. గుండిగకు అది సాధ్యం కాదు, పళ్ళేనికి సాధ్యం. 20 సెంటీమీటర్ల మందం ఉన్న అన్నాన్ని 5 సెంటీమీటర్లకు పరిస్తే మందం నాలుగో వంతు అవుతుంది, చల్లారే సమయం దాదాపు పదహారో వంతుకు దిగుతుంది. పులిహోర కలిపేటప్పుడు వెడల్పాటి పళ్ళెంలో అన్నం పరిచి, పసుపూ నూనే చల్లి ఆరబెట్టడంలో ఈ పని తనంతట తానే జరిగిపోతుంది. ఆపైన చింతపండులోని టార్టారిక్ ఆమ్లం బాక్టీరియా పెరుగుదలను బాగా అణుస్తుంది, పులుపు ప్రతి మెతుకుకూ సమంగా పట్టినంతవరకు. ప్రయాణాలకు పులిహోరే ఎందుకు కట్టుకుంటామో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా వంటింటి బీరువా తలుపుకు ప్రతి కనుమకూ ఒక కాగితం అంటిస్తాం. దాని మీద కూరల పేర్లు తక్కువ, వేళలూ పాత్రలూ ఎక్కువ. పన్నెండున్నరకు మొదటి పంక్తి అని అడుగున రాసుకుని, అక్కడి నుంచి పైకి వెనక్కి లెక్కవేసుకుంటూ వెళతాం: పన్నెండుకు రెండు గుండిగల అన్నం వార్చడం, పదకొండుకు ఎసరు, పదిన్నరకు రెండు బాణలుల్లో గారెల మొదటి వాయి, తొమ్మిదింటికి పులిహోర అన్నం పళ్ళేలలోకి. పంక్తి గీత కింద మాత్రం ఒక్క వరుస ఉంటుంది. రెండున్నరకు మిగిలిన అన్నం నాలుగు పళ్ళేలలో ఫ్యాను కింద, మిగిలిన పులుసు చిన్న గిన్నెలలోకి, నాలుగున్నరకు అన్నీ ఫ్రిజ్‌లోకి.