ఓడిన్ గుర్రానికి ఎనిమిది కాళ్ళు ఎందుకు?

సూపర్ హీరో సినిమాల పుణ్యమా అని ఉత్తర ఐరోపా పాత కథల్లోని పెద్ద దేవుడు ఓడిన్ పేరు ఇప్పుడు మన పిల్లలకూ తెలుసు. ఆయన గుర్రం స్లీప్‌నిర్‌కు ఎనిమిది కాళ్ళు. రెట్టింపు కాళ్ళు కాబట్టి రెట్టింపు వేగం అని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ జవాబు ఎప్పుడూ చాల్లేదు, ఎందుకంటే ఆ గుర్రం ఎక్కడికి వెళ్తుందో చూస్తే సంగతి వేరేలా కనిపిస్తుంది.

1220 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్తుర్లుసన్ రాసిపెట్టిన కథలో, ఓడిన్ కొడుకు బాల్డర్ చనిపోతే అతన్ని వెనక్కి పంపమని అడగడానికి హెర్మోద్ అనే దేవుడు ఈ గుర్రమే ఎక్కి, తొమ్మిది రాత్రులు కటిక చీకటి లోయల్లో ప్రయాణం చేసి మృతుల లోకం గేటు దాకా వెళ్తాడు. అక్కడ దిగి, జీను పట్టీ బిగించి, మళ్ళీ ఎక్కి అదిలిస్తాడు. గుర్రం గేటుకు తగలకుండా ఎత్తుగా దూకేస్తుంది. ఆ పట్టీ బిగించడం నాకు చాలా ఇష్టమైన ముక్క. గుర్రాలతో బతికినవాళ్ళకే అది తడుతుంది.

స్నోరి కన్నా కొన్ని వందల ఏళ్ళ ముందే స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో ఈ గుర్రాన్ని రాతిమీద చెక్కారు. 1844లో దొరికిన ఆ షెంగ్‌విదె రాయి ఇప్పుడు స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉంది: ఎనిమిది కాళ్ళ గుర్రం మీద ఒక మనిషి, ఎదురుగా పానపాత్ర పట్టుకుని స్వాగతం చెప్తున్న ఒక స్త్రీ. వచ్చేది ఓడినా, వీరస్వర్గానికి చేరుకున్న మృతుడా అన్నది ఇంకా తేలలేదు.

ఇక్కడ బస్తర్‌ని తలుచుకోక తప్పదు. మన ఆదిలాబాద్ గోండుల బంధువర్గమైన మురియా గోండుల చావు పాట ఒకటి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ రాసిపెట్టాడు. అందులోనూ ఎనిమిది కాళ్ళ గుర్రం ఉంది, అది పాడె. మోసే నలుగురి కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది! మనిషి పోతే మొయ్యడానికి నలుగురు కావాలనే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. స్లీప్‌నిర్ పుట్టుక కూడా ఇదేనని కొందరు పరిశోధకులు అనుకున్నారు. రుజువు లేదు గానీ నాకు వేగం కథకన్నా ఇదే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది.

పైగా ఓడిన్ తొమ్మిది రాత్రులు వేలాడి రహస్య లిపి సంపాదించాడని చెప్పే చెట్టు ఇగ్‌ద్రసిల్. ఆ పేరుకు ఎక్కువమంది చెప్పే అర్థం 'ఇగ్గ్ గుర్రం' అని, ఇగ్గ్ అంటే ఓడినే. మన రావిచెట్టుకు ఉన్న అశ్వత్థం అనే పేరులోనూ గుర్రం ఉంది. ఇక సైబీరియాలో యాకూత్ తెగ షామన్‌కు, అంటే ఆత్మలతో మాట్లాడే పూజారికి, డప్పే గుర్రం, దాన్ని వాయించే పుల్ల కొరడా. ఆ దరువు మీదే అతను పైలోకాలకు, చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళొస్తాడని వాళ్ళ నమ్మకం. అక్కడిదే మరో తెగ బుర్యాత్‌ల కథల్లో ఎనిమిది కాళ్ళ గుర్రం కూడా ఉంది.

వీళ్ళంతా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేను అనను. కానీ గుర్రం మనిషిని అవతలికి చేరుస్తుందన్న ఊహ ఈ కథలన్నిటికన్నా చాలా పాతదనే నా నమ్మకం. ఉరల్ పర్వతాల దక్షిణాన సింతష్తలో క్రీ.పూ. 2000 ప్రాంతం నాటి సమాధులున్నాయి. రథం కదలకుండా నిలబడాలని నేలలో చక్రాలకు గాడులు తవ్వి, చనిపోయిన మనిషితో పాటు గుర్రాలనూ పూడ్చారు.